మావాడు చూసిన పెద్ద కారు

నాది బాగేపల్లి తాలూకా చాకవేలు. బెంగళూరు మిల్లులో 27 ఏళ్ళు పని చేసినాను. మొదట 16 ఏళ్ళు మగ్గాల మీద, ఆ తరవాత ఫోల్డింగ్ ఖాతాలో గుడ్డ చెక్ చేసే పని. చదివింది నాలుగో తరగతి. కారు గురించి రాయడానికి వీడెవడప్పా అని మీరు అనుకోవచ్చు. నాకు కారు నడపడం రాదు. వచ్చిందల్లా సైకిలు, అదీ ఇప్పుడు లేదు. అయినా 2023 ఎండాకాలంలో ఒక పెద్ద కారును చూసి, కూచొని, తడిమి, కొనాలో వద్దో చెప్పే పని నా నెత్తిన పడింది. ఎందుకంటే దాంట్లో నాలుగు లక్షలు నావి పెట్టాల.

మా తమ్ముని కొడుకు విమానాశ్రయం దగ్గర ట్యాక్సీ నడుపుతాడు. 2008లో దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం తెరిచినప్పటి నుండి మా పక్క పిల్లకాయలు చానామందికి అదే మిల్లు. మేము రైలెక్కి మిల్లుకు పోయినట్లు వాళ్ళు స్టీరింగు పట్టుకున్నారు. మావాడు నడిపేది ఇంకొకరి బండి. సొంత బండి కావాలని వానికి ఎప్పటినుండో ఉంది. అదీ చిన్న బండి వద్దంట. వాని లెక్క వినండి. పుట్టపర్తికి పోయే విదేశీ భక్తులు విమానం దిగి మా బాగేపల్లి మీదుగానే పోతారు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చినాక కొరియా సాయిబులు కూడా అదే రోడ్డు. వాళ్ళకు చిన్న కారు ఇరుకు. "పెద్దనాయనా, చిన్న కారుకు కిలోమీటరుకు 13 రూపాయలు ఇచ్చేవాడు దీనికి 30 ఇస్తాడు. బాడిగ రెండింతలు, అదే రోడ్డు, అదే నిద్ర" అన్నాడు.

వాడు చూసుకొని వచ్చింది టొయోటా క్యామ్రీ, హైబ్రిడ్, 2015 మాడలు. కొత్తది అప్పుడు 30 లక్షల దగ్గర. ఇప్పుడు పదకొండు లక్షలు చెప్పినారు. వాని దగ్గర నాలుగు లక్షలు, ఫైనాన్సు మూడు, మిగతా నాలుగు నావి. నా నాలుగు లక్షలంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. పీఎఫ్, గ్రాట్యుటీ అంతా కలిపి వచ్చినదాంట్లో కూతురి పెళ్ళి పోగా, ఇంటి కప్పు పోగా మిగిలింది. పోస్టాఫీసులో ఉంది. మా ఇంటామె మోకాళ్ళ ఆపరేషనుకని పెట్టుకున్నాము. వాడు వడ్డీతో మూడేళ్ళలో ఇస్తానన్నాడు. తండ్రి లేని పిల్లోడు. లేదని చెప్పడానికి నోరు రాలేదు. సరే, బండి చూసి చెప్తాను రా అన్నాను.

టొయోటా పేరు వినగానే నాకు మనసులో కొంచెం మెత్తబడింది, దానికి కారణం ఉంది. ఆ కంపెనీ మొదలు కార్లది కాదు, మగ్గాలది. టొయోడా సకీచీ అని జపాన్ లో వడ్రంగి కొడుకు, 1867లో పుట్టినాడు. పడుగులో ఒక పోగు తెగితే మగ్గం తానే నిలిచిపోయే ఏర్పాటు, మగ్గం ఆపకుండానే నాడె మార్చే ఏర్పాటు, ఈ రెండూ ఉన్న మగ్గం 1924లో తయారు చేసినాడు. 1926లో మగ్గాల కంపెనీ పెట్టినాడు. 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ వాళ్ళు ఆ మగ్గం హక్కులు కొన్నారు. ఆ తరవాత ఆయన కొడుకు కీచీరో కార్ల పని మొదలు పెట్టినాడు, 1937లో కార్ల కంపెనీ వేరయింది. ప్లాట్ పేరు పోత పోసిన పాత యంత్రాలు మా మిల్లులో కూడా ఉండేవి. 1995లో కిర్లోస్కర్ వాళ్ళతో కలిసి బెంగళూరులో రింగు ఫ్రేముల కంపెనీ పెట్టినారు, బిడదిలో కార్ల ఫ్యాక్టరీ ఆ తరవాత వచ్చింది. ఈ క్యామ్రీ హైబ్రిడ్ ను 2013 నుండి అక్కడే బిగించినారు. కాబట్టి చుట్టరికం ఉన్న బండే అనుకున్నాను. చుట్టరికం చూసి సంబంధం ఒప్పుకునే గుణం మనలో ఎట్లాగూ ఉంది కదా.

బండి హెబ్బాళ పక్క పాత కార్లు అమ్మే ఒక అంగడిలో ఉంది. మా కూతురిల్లు పీణ్యలో, మా ఇంటామె అక్కడే ఉండింది. ఆమెను కూడా పిలుచుకొని ముగ్గురం పోయినాము. అంగడి కుర్రాడు ట్రయల్ కు దేవనహళ్ళి దాకా తిప్పుకొని రమ్మన్నాడు, తాను ముందర కూచున్నాడు.

సుఖం సంగతి ముందు చెప్తాను. వెనక సీట్లో నేను, మా ఇంటామె. సీటు మెత్తగా ఉంది కానీ కిందికి దిగిపోలేదు, నడుముకు ఆనుకొని నిలబెట్టింది. కాళ్ళు బార్లా చాపినా ముందు సీటుకు తగల్లేదు. మధ్యలో చేయి ఆనించే దిండు ఉంది, దాంట్లోనే బటన్లు. ఒకటి నొక్కితే వీపు వెనక్కి వాలింది. మిల్లులో ఎనిమిది గంటలు నిలబడిన మనిషిని నేను. మగ్గం దగ్గర కూచుంటే మేస్త్రీ ఊరుకునేవాడు కాదు. అట్లా వాలిన రెండు నిమిషాలకు యలహంక దాటిందో లేదో నాకు నిద్ర పట్టింది. బండి పరీక్ష చేయడానికి పోయి నిద్ర పోయినానని మా ఇంటామె ఇప్పటికీ ఎగతాళి చేస్తాది.

చప్పుడు లేదు అని మావాడు పదిసార్లు చెప్పినాడు. ఆ తీర్పు చెప్పడానికి నా చెవులు పనికిరావు. మగ్గాల ఖాతాలో పని చేసినవాళ్ళకు ఇది తెలుసు, మనకు సగం చెవులు అక్కడే పోయినాయి. అందుకని తలుపు మీద అరచేయి పెట్టి చూసినాను. మగ్గం బేరింగు అరిగితే ముందు చేతికే తెలుస్తాది, చెవికి తరవాత. అదురు ఏమీ లేదు. సిగ్నల్లో నిలబడినప్పుడు ఇంజిన్ పూర్తిగా ఆగిపోయింది. మెల్లగా కదిలేటప్పుడు బ్యాటరీతో మోటారు తిప్పుతాదంట, వేగం పెరిగినాక పెట్రోలు ఇంజిన్ అందుకుంటాది. బ్రేకు వేస్తే ఆ శక్తి మళ్ళీ బ్యాటరీలోకే పోతాది. కరెంటు ప్లగ్గు పెట్టే పని లేదు. వినడానికే ముచ్చటగా ఉంది.

మా ఇంటామె తీర్పు వేరే. "కూచుంటే బాగుండాది, లేయాలంటే బావిలోనుండి ఎక్కినట్లుండాది" అంది. సీటు నేలకు దగ్గర. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు దిగాలంటే ఎవరో ఒకరు చెయ్యి ఇయ్యాల. పుట్టపర్తికి వచ్చే భక్తుల్లో సగం మంది మా వయసు వాళ్ళే. మావాడు ఆ సంగతి లెక్కలో వేసుకోలేదు. ఇంకొకటి, డిక్కీ. బ్యాటరీ వెనక సీటు వెనకాల ఉంది కాబట్టి డిక్కీ బయటికి కనిపించినంత లేదు. విమానం దిగినవాడు ఊరికే వస్తాడా? మనిషికి రెండు పెద్ద పెట్టెలు తెస్తాడు. ఇద్దరు దిగితే నాలుగు పెట్టెలు ఎక్కడ పెడతావు రా అని అడిగితే, "అడ్జస్ట్ చేస్తాను పెద్దనాయనా" అన్నాడు. బండి అడుగు కూడా నేలకు దగ్గరే. మా ఊరి దారిలో హంపులు మీరు చూడలేదు.

తిరిగి అంగడికి వచ్చినాక నాణ్యం చూడడం మొదలు పెట్టినాను. కుర్రాడు చెప్పింది, ఒక డాక్టరు గారు వాడిన బండి, 58 వేల కిలోమీటర్లు తిరిగింది. తోలు సీట్ల కుట్టు వేలితో తడిమినాను. కుట్టుకు కుట్టుకు ఎడం ఒకటే, ఎక్కడా దాటు లేదు. పైకప్పు గుడ్డ బిగువుగా ఉంది. తలుపు వేస్తే డబ్బా చప్పుడు రాలేదు. బ్రేకు పెడలు రబ్బరు మీద గీతలు పూర్తిగా అరగలేదు, 58 వేలు అబద్ధం కాకపోవచ్చు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తరవాతి రెండు సంవత్సరం. నాలుగు టైర్ల మీదా 4722 అని ఉంది. అంటే 2022లో 47వ వారం. "చూసినావా పెద్దనాయనా, నాలుగూ కొత్త టైర్లు" అని మావాడు సంబరపడినాడు. నాకూ సంతోషమే. అప్పటికి మనసులో చెక్కు రాసేసినాను, నిజం చెప్తున్నాను.

అలవాటు కొద్దీ సీటు బెల్టు పట్టుకున్నాను. కారులో నాకు బాగా తెలిసిన వస్తువు అదొక్కటే, అది నేసిన పట్టీ. పాలియెస్టరు దారం, చిన్న మగ్గాల మీద నేస్తారు, రెండు వైపులా గట్టి అంచు. నేత ఎట్లా ఉందో చూద్దామని లాగినాను. మామూలుగా మనం కట్టుకునేంత దాకా వచ్చింది, బాగుంది, మెరుస్తా ఉంది. ఫోల్డింగ్ ఖాతాలో మాకు నేర్పింది ఏమంటే, తాను పై మడత చూసి సంతకం పెట్టకూడదు, చివరి గజం దాకా విప్పాల. ఇంకా లాగినాను. ఇంకా. మామూలుగా ఎవరూ లాగని చివరి మూర వచ్చింది. అక్కడ రంగు మారింది. అడ్డంగా ఒక గీత, దాని కింద అంతా మట్టి రంగు.

నా జేబులో పాత పిక్ గ్లాసు ఉంటాది, పోగులు లెక్క పెట్టే చిన్న మడత అద్దం. ఎందుకు పెట్టుకుంటానో నాకే తెలియదు. పెట్టి చూసినాను. పాలియెస్టరు నీళ్ళు పెద్దగా తాగదు, కానీ సన్న మట్టి పోగుల మధ్య ఇరుక్కుంటే మాత్రం కడిగినా పోదు. పడుగు పోగులకు పేకకు మధ్య ఎర్రగా నలకలు. దుమ్ము పడితే పైపైన ఉంటాది, ఇంత లోపలికి ఒకే గీతగా రాదు. అవతలి పక్క బెల్టు లాగినాను. అదే ఎత్తులో అదే గీత.

మావాణ్ణి పిలిచి, కింద చాప ఎత్తు రా అన్నాను. సీటు బిగించిన బోల్టులు తుప్పు. కుర్రాడు ఏసీ అంటూ, వాసన అంటూ ఏదో మాట మార్చినాడు. నేను ఒకటే అడిగినాను, ఈ బండి పోయిన సంవత్సరం సెప్టెంబరులో ఎక్కడ ఉండింది?

2022 సెప్టెంబరు మొదటి వారం బెంగళూరు వానలు మీకు గుర్తుంటాయి. బెళ్ళందూరు, ఔటర్ రింగ్ రోడ్డు పక్క చెరువుల మాదిరి అయింది, గొప్పోళ్ళ విల్లాల్లో పెద్ద పెద్ద కార్లు అద్దాల దాకా మునిగినాయి, ట్రాక్టర్ల మీద జనాన్ని తీసినారు. అట్లా మునిగిన కార్లలో బాగు చేయడానికి విలువ మించిన వాటిని ఇన్సూరెన్సు వాళ్ళు తీసేసుకొని వేలం వేస్తారు. కొన్నవాళ్ళు కడిగి, తుడిచి, టైర్లు మార్చి మళ్ళీ అమ్ముతారు. ఈ బండి ఎక్కడ మునిగిందో నాకు తెలియదు, కుర్రాడు చెప్పలేదు. "అంకల్, అది కార్ వాష్ నీళ్ళు" అన్నాడు. కొత్త టైర్ల తేదీ మళ్ళీ గుర్తొచ్చింది, నవంబరు చివర. అదొక్కటే అయితే సాక్ష్యం కాదు. బెల్టులో గీతా, బోల్టులకు తుప్పూ కలిస్తే నాకు చాలు.

మామూలు కారు మునిగినా కష్టమే. దీంట్లో వెనక సీటు వెనకాల పెద్ద బ్యాటరీ ఉంది, దానికి గాలి పోయే దారి కూడా లోపలి నుండే. దుమ్ము పడితేనే ఆ దారి శుభ్రం చేయించుకోవాలంట, లేకుంటే వేడెక్కుతాదంట. బురదనీళ్ళు తగిలిన వైర్లు ఈ రోజు బాగుంటాయి, ఆరు నెలలకు లోపల పచ్చబడతాయి. కొత్త బ్యాటరీ అంటే లక్షల మాట. అది పెనుకొండ దగ్గర అర్ధరాత్రి ఆగిపోతే కొరియా సాయిబు దిగి వేరే కారు పిలుచుకుంటాడు, మావాడు ఫైనాన్సు వానికి జవాబు చెప్పుకోవాల.

నేను వద్దన్నాను. మావాడు బయటికి వచ్చి రోడ్డు మీద నాతో గొంతు పెంచినాడు. "డబ్బు ఇవ్వడానికి ఇష్టం లేకపోతే ఇంట్లోనే చెప్పాల్సింది, గుడ్డ ముక్క చూసి కారు పోగొడతావా" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే దాంట్లో కొంచెం నిజం ఉంది. నాలుగు లక్షలు తియ్యాలంటే నా చేతులు వణికినాయి, ఏదో ఒక మరక దొరికితే బాగుండునని నేను వెతకలేదని చెప్పలేను. మా ఇంటామె మధ్యలోకి వచ్చి, "నాయనా, ఆ మన్ను నువ్వూ చూసినావు కదా" అంది. వాడు మాట్లాడలేదు. బస్సు ఎక్కించి వెళ్ళిపోయినాడు. నెల దాకా ఫోను లేదు.

ఇట్లాంటి బండి కొనాలనుకునే వాళ్ళకు ఒక మాట. బండి నంబరు, చాసిస్ నంబరు పట్టుకొని కంపెనీ సర్వీసు సెంటరులో అడిగితే పాత సర్వీసు లెక్కలు తెలుస్తాయి. ఇన్సూరెన్సు క్లెయిము ఏదైనా ఉందా అని కాగితాలు అడగండి. ఇవ్వనన్నవాడి దగ్గర కొనవద్దు. బెల్టు మాత్రం చివరి దాకా లాగండి, దానికి చదువు అవసరం లేదు.

నెల తరవాత మావాడు ఇంటికి వచ్చినాడు. చేతిలో ఫోను. అంగడి కుర్రాడు పదకొండు లక్షలది తొమ్మిదికి దిగినాడంట. వాని ముఖంలో మళ్ళీ ఆశ కనిపించింది. నాకు జాలేసింది, నాక్కూడా ఆ వెనక సీటు మరవలేదు మరి. "ఫోను చేసి స్పీకరు పెట్టు, బెల్టు సంగతి అడుగు" అన్నాను. అడిగినాడు.

"ఆ ప్రాబ్లెం ఏమీ లేదు సార్" అన్నాడు ఆ కుర్రాడు ఉషారుగా. "నాలుగూ కొత్త బెల్టులు వేయించినాము."

మావాడు నా వైపు చూసినాడు, నవ్వు ఆపుకోలేక ఫోను కట్ చేసినాడు. దసరాకు వాడు పాత ఇటియోస్ ఒకటి తీసుకున్నాడు, అదీ బిడదిలో తయారైందే. నేను దానికి లక్షన్నర ఇచ్చినాను. కొనే ముందు నాలుగు బెల్టులూ వాడే లాగినాడు, నన్ను పిలవలేదు. సీట్లు గట్టివి, వెనక్కి వాలవు. మా ఇంటామె మాత్రం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగుతుంది.