కళ్ళు ఎక్కడుంటాయి?



మన భద్రాచలం బ్రాంచ్‌లో నాలుగో తరగతికి ఇంగ్లిష్ చెప్తాను. నాకు బొమ్మలు వేయడం రాదు. డ్రాయింగ్ సార్ సెలవు పెట్టడంతో ఆ పీరియడ్ నాకొచ్చింది. "మనిషి ముఖం వేద్దాం, నేనూ మీతోపాటే నేర్చుకుంటా" అన్నాను పిల్లలతో.

బోర్డు మీద కోడిగుడ్డు ఆకారం గీసి, పైభాగంలో రెండు కళ్ళు పెట్టాను. పిల్లలు పకపకా నవ్వారు. ఆ రాత్రి అద్దం ముందు స్కేలు పట్టుకుని కొలుచుకున్నాను. నడినెత్తి నుంచి గడ్డం దాకా ఉన్న ఎత్తులో దాదాపు సగం దగ్గర ఉన్నాయి కళ్ళు! మన చూపంతా కళ్ళు, ముక్కు, నోటి మీదే; నుదురు, జుట్టు లెక్కలోకి రావు. అందుకే కొత్తగా వేసేవాళ్ళు కళ్ళను పైకి నెట్టేస్తారు. రెండు కళ్ళ మధ్య ఇంకో కన్ను పట్టేంత చోటు ఉంటుంది. చెవులు కనుబొమల నుంచి ముక్కు కింది అంచు దాకా ఉంటాయి. ఇవి సుమారు లెక్కలే. ఒక్కొక్కరిలో కొంచెం తేడా ఉంటుంది. ఆ తేడాని బట్టే మనిషిని గుర్తుపడతాం.

తర్వాతి పీరియడ్‌లో పిల్లల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి ముఖం ఒకరిని వేయమన్నాను. గీతలు బాగానే కుదిరాయి. రంగుల దగ్గర "మేడమ్, స్కిన్ కలర్ క్రేయాన్!" అని ఒకటే గోల. అందరూ అడిగింది ఆ లేత గులాబీ రంగునే. ఒక పాప తన స్నేహితురాలి బొమ్మకు అదే పూసి, తన చేతి వంక చూసుకుని, "మాది మంచి కలర్ కాదు కదా మేడమ్" అంది.

నాకు నోట మాట రాలేదు. అంతకు ముందు వారం ఆ క్రేయాన్‌ని స్కిన్ కలర్ అని పిలిచింది నేనే.

అమెరికాలో క్రేయోలా కంపెనీ అలాంటి రంగుకి 'ఫ్లెష్' అన్న పేరు 1962లోనే తీసేసి 'పీచ్' అని పెట్టింది. నా క్లాసులో మాత్రం పాత అలవాటే నడుస్తోంది.

"మన రామయ్య ఏ రంగు?" అని అడిగాను. "నలుపు!" "నీలం!" అని అరిచారు. "మరి ఆయన స్కిన్ కలర్ ఏది?" క్లాసంతా నిశ్శబ్దం. మరుసటి వారం వాటర్ కలర్స్ తెప్పించాను. బ్రౌన్, పసుపు, ఎరుపు, రవ్వంత నలుపు కలిపి, ఎవరి చెయ్యి పక్కన వాళ్ళు పెట్టి పోల్చుకున్నారు. క్లాసు మొత్తానికి ఒక్క రంగు సరిపోలేదు. ఆ పాప మూడుసార్లు కలిపి, "ఇదీ నా రంగు" అని బ్రష్ ఎత్తి చూపించింది.

"ఎండలో తిరిగితే నల్లబడిపోతావు" అన్న మాట చిన్నప్పుడు నేనూ విన్నాను, మీరూ వినే ఉంటారు. అది పిల్లల రంగుల పెట్టెలోకి ఎలా చేరుతుందో ఆ రోజు చూశాను.

ఒక్క మనవి. ఈ ఆదివారం పది నిమిషాలు మీ పిల్లలకు ఎదురుగా కూర్చోండి. వాళ్ళ ముఖం మీరు, మీ ముఖం వాళ్ళు వేయండి. రంగు కూడా చూసి కలపండి. సోమవారం రెండు బొమ్మలూ స్కూలుకి పంపండి. కళ్ళు కాస్త పైకి పోయినా పర్వాలేదు. మొన్నటిదాకా నేను వేసినవీ అక్కడే ఉండేవి.