బరువు తగ్గాక... అసలు కథ

బరువు తగ్గడం ఒక ఎత్తు. తగ్గిన బరువును నిలబెట్టుకోవడం మరో ఎత్తు. మొదటిదానికి చప్పట్లుంటాయి. చుట్టాలు మెచ్చుకుంటారు. బీరువా అడుగున పడేసిన పాత జాకెట్లు మళ్లీ పడతాయి. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. పోయిన నెల ఉన్న బరువే ఈ నెలా ఉంటే అందులో చెప్పుకోవడానికేముంది? కానీ ఊబకాయంతో ఏళ్ల తరబడి వేగినవాళ్లనడగండి... అసలు కష్టం అదేనంటారు.

విజయవాడలో ఓ ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పే నలభై ఆరేళ్ల టీచరుకు ఈ సంగతి బాగా తెలుసు. రెండో కాన్పు తర్వాత ఒళ్లొస్తే పొద్దున్నే నడిచి, రాత్రిపూట అన్నం మానేసి ఎనిమిది కిలోలు తగ్గింది. రెండేళ్లు తిరిగేసరికి పది పెరిగింది. 2018 ప్రాంతంలో తెలుగునాట కొబ్బరినూనె, నిమ్మరసాల డైట్ ఊరూవాడా ఊపేసినప్పుడు తానూ మొదలుపెట్టింది. మూడు నెలల్లో పదకొండు కిలోలు పోయాయి. మళ్లీ అన్నం ముట్టుకున్న ఏడాదికి పదమూడు వచ్చాయి. 2025 నాటికి అయిదడుగుల రెండంగుళాల మనిషి 88 కిలోలకు చేరింది. పై అంతస్తులో పీరియడ్ ఉందంటే మోకాళ్లు ముందే మూలిగేవి. షుగరు గడప దాకా వచ్చి నిలబడిందన్నారు డాక్టరు.

ఆమె ఒక్కతే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం మహిళలు ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. వాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు తగ్గినవాళ్లే, తగ్గి మళ్లీ పెరిగినవాళ్లే. ప్రతిసారీ వాళ్లు వినే మాట ఒకటే... ‘నోరు కట్టుకోలేకపోయావు’.

ఒంటికీ ఓ లెక్కుంది

నిజంగా తప్పంతా నోటిదేనా? కొవ్వు కణాల నుంచి లెప్టిన్ అనే హార్మోను వెలువడుతుందని 1994లో బయటపడింది. ఒంట్లో నిల్వలు ఎంతున్నాయో మెదడుకు కబురు చేసేది అదే. బరువు తగ్గితే ఆ కబురు పలచబడుతుంది. కరవొచ్చిందనుకుంటుంది మెదడు. ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. ఆస్ట్రేలియాలో యాభై మందికి పదివారాలపాటు బాగా తక్కువ తిండి పెట్టి చూశారు. ఏడాది గడిచాక కూడా వాళ్లలో ఆకలి హార్మోన్లు మామూలు స్థితికి రాలేదని 2011లో తేల్చారు. అమెరికాలో ‘ద బిగ్గెస్ట్ లూజర్’ అనే టీవీ పోటీలో బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, వాళ్ల శరీరాలు ఉండాల్సినదానికన్నా రోజుకు 500 కేలరీల దాకా తక్కువ ఖర్చు చేస్తున్నాయి. 2016లో వెలువడిన ఈ ఫలితం చాలామంది కళ్లు తెరిపించింది. తగ్గిన మనిషి ఊరుకున్నా, ఒళ్లు ఊరుకోదన్నమాట.

కొత్త మందులు జోక్యం చేసుకునేది సరిగ్గా ఇక్కడే. తిన్నాక పేగుల నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోను విడుదలై ‘ఇక చాలు’ అని మెదడుకు చెబుతుంది. ఆ హార్మోనులా పనిచేసేవే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్. రెండోది ‘మౌంజారో’ పేరుతో 2025 మార్చిలో మన దేశానికి వచ్చింది. డాక్టరు చీటీ ఉంటేనే ఇస్తారు. వారానికో ఇంజక్షన్.

ఆమె ఏప్రిల్లో మొదలుపెట్టింది. తొలి వారాల్లో వికారం, మలబద్ధకం తప్పలేదు. తర్వాత ఒకరోజు ఆమెకో విచిత్రం తోచింది. మూడో పీరియడ్ చెబుతుండగా టిఫిన్ డబ్బా గుర్తుకు రాలేదు. రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ తలుపు దగ్గరికి కాళ్లు లాక్కెళ్లలేదు. బుర్రలో ఏళ్ల తరబడి ఆగకుండా మోగిన రేడియోను ఎవరో కట్టేసినట్టుంది. మిగతావాళ్లంతా ఇలాగే ఉంటారా అని ఆశ్చర్యపోయింది. దసరా నాటికి 76 కిలోలకు దిగింది.

సూది ఆపిన మూడు నెలలు

అప్పుడు మొదలైంది అసలు కథ. అయిదు మిల్లీగ్రాముల సీసా అప్పట్లో రూ.4,375. నెలకు నాలుగు. ఆరు నెలల్లో లక్ష దాటింది. కూతురి ఇంజినీరింగ్ ఫీజు కట్టాల్సి వచ్చింది. ‘తగ్గావుగా, ఇంక చాల్లే’ అన్నాడు భర్త. తనకూ అలాగే అనిపించింది. అలవాట్లు మారాయి కదా, ఇక తనే చూసుకోగలననుకుంది. డాక్టరుకు చెప్పకుండానే మానేసింది.

మొదటి మూడు వారాలు తేడా తెలియలేదు. మందు ఒంట్లోంచి మెల్లగా పోతుంది మరి. నెల దాటాక ఆ పాత రేడియో మళ్లీ మోగడం మొదలైంది. ముందు సన్నగా, తర్వాత గట్టిగా. నడక మానలేదు, స్వీట్లు ముట్టలేదు. అయినా సంక్రాంతికి 81 కిలోలు తూగింది. అరిసెల పళ్లెం ముందు కూర్చుని ఏడ్చింది. డబ్బూ పోయింది, పరువూ పోయింది అనుకుంది.

డాక్టరు మాత్రం తిట్టలేదు. ‘మీరు ఓడిపోలేదమ్మా. మందు పనిచేసేదనడానికి ఇదే రుజువు’ అన్నారు. ఆ మాట ఓదార్పు కోసం అన్నది కాదు. టిర్జెపటైడ్‌పై 2023 డిసెంబరులో వెలువడిన అధ్యయనంలో 36 వారాల్లో సగటున 20.9 శాతం బరువు తగ్గినవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు అదే మందు, రెండో జట్టుకు వాళ్లకు తెలియకుండా ఉత్తుత్తి ఇంజక్షన్. ఏడాది తర్వాత చూస్తే మందు వాడినవాళ్లు ఇంకో 5.5 శాతం తగ్గారు. ఆపినవాళ్లు 14 శాతం పెరిగారు. తగ్గిన బరువులో కనీసం 80 శాతాన్ని నిలబెట్టుకున్నవాళ్లు మొదటి జట్టులో పదిమందికి తొమ్మిదిమంది, రెండో జట్టులో ఆరుగురికి ఒక్కరు. సెమాగ్లూటైడ్‌దీ అదే దారి. ఆపిన ఏడాదిలో, పోయిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది.

మళ్లీ చిన్న డోసు నుంచి మొదలుపెట్టింది. విషయం తెలిసి ‘అయితే జీవితాంతం పొడుచుకుంటూనే ఉంటావా?’ అన్నాడు భర్త. అప్పుడాయన చేతిలో బీపీ మాత్రల స్ట్రిప్ ఉంది. ‘మీరు దాన్ని ఎప్పుడు మానేస్తున్నారండీ?’ అనడిగింది. తొమ్మిదేళ్లుగా వాడుతున్నాడాయన. బీపీ 120కి వచ్చిందని మాత్ర ఆపమన్నవాళ్లు లేరు. ఆపితే పెరిగినందుకు మనోబలం లేదన్నవాళ్లూ లేరు.

బడిలో మాత్రం సమాధానం చెప్పడం ఇంత తేలిక కాదు. సన్నబడ్డప్పుడు ‘అలా చిక్కిపోయావేంటి, షుగరొచ్చిందా?’ అన్నారు. సంగతి తెలిశాక ‘ఓ... సూదితోనా!’ అని పెదవి విరిచారు. అక్కడ చాన్నాళ్లు దాచింది. ఇప్పుడు అడిగితే చెబుతోంది, అడగకపోతే లేదు.

నిలబెట్టుకోవడమూ ఓ పనే

మందుంది కదాని ఏమైనా తినొచ్చనుకుంటే పొరపాటే. బరువుతోపాటు కండ కూడా కరుగుతుంది. అందుకే ముందు పప్పు, గుడ్డు, పెరుగు... ఆ తర్వాతే అన్నం. వారానికి మూడు రోజులు ఇంట్లోనే డంబెల్స్ ఎత్తుతోంది. శనివారం ఉదయం ఒక్కసారే బరువు చూసుకుంటుంది. కడుపులో తీవ్రమైన నొప్పి వస్తే ఆగకుండా ఆస్పత్రికి రమ్మన్నారు. అరుదుగానైనా పిత్తాశయంలో రాళ్లు, క్లోమం వాపు రావచ్చు. గర్భం దాల్చాలనుకునేవారికి, ఇంట్లో ఒక రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారికి ఈ మందు పనికిరాదు.

భయాలూ ఉత్తవి కావు. బరువు మందుల చరిత్ర అంత మంచిది కాదు. గుండె కవాటాలు దెబ్బతింటున్నాయని 1997లో ఫెన్‌ఫ్లురమైన్‌ను, గుండెకు ముప్పని 2010లో సిబుట్రమైన్‌ను అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. ఈసారి కథ వేరుగా ఉంది. 17,604 మందిపై జరిగిన పరీక్షలో సెమాగ్లూటైడ్ గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాల ముప్పును 20 శాతం తగ్గించిందని 2023లో తేలింది. అయినా టిర్జెపటైడ్‌కు అమెరికాలో తొలి అనుమతి వచ్చింది 2022లోనే. ఇరవై ఏళ్లు వాడినవాళ్లు ఎక్కడా లేరు. ఊబకాయం దీర్ఘకాలిక వ్యాధి అంటూ ఈ మందుల దీర్ఘకాల వాడకాన్ని 2025 డిసెంబరులో సిఫార్సు చేసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా షరతులతోనే చేసింది. తిండి, వ్యాయామాలు తోడుండాలంది. ఖర్చు పేదలకు అందనంత ఉందనీ ఒప్పుకుంది.

ఖర్చే ఆమెకూ పెద్ద ప్రశ్న. నెలనెలా కట్టే బంగారం చీటీ మానేసి ఆ డబ్బు ఇటు మళ్లించింది. భారత్‌లో సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు 2026 మార్చి వరకే కాబట్టి, దేశీయ మందులతో భారం తగ్గుతుందన్న ఆశ ఉంది. మందు మార్చాలన్నా, డోసు తగ్గించాలన్నా ఈసారి డాక్టరును అడిగే చేస్తానంటోంది.

మొదటి సూది వేయించుకునేముందు అందరూ ‘ఎన్ని కిలోలు తగ్గుతాను’ అనే అడుగుతారు. అడగాల్సినవి ఇంకో మూడున్నాయి. తగ్గాక ఎన్నాళ్లు వాడాలి? నెలకెంత, అది ఎన్నేళ్లు భరించగలం? ఆపాల్సి వస్తే ఎలా ఆపాలి? ఈ మూడింటికీ జవాబులు ముందే రాసుకుంటే సంక్రాంతినాటి ఆ ఏడుపు ఉండేది కాదంటుంది. ప్రస్తుతం 77 దగ్గర ఉంది. 80 దాటితే, కారణమేదైనా సిగ్గుపడి ఇంట్లో కూర్చోకుండా వెంటనే రమ్మన్నారు డాక్టరు. ఆ అంకెను ఇంజక్షన్ తేదీలు రాసుకునే క్యాలెండర్ మీదే రాసిపెట్టుకుంది.