బావ కారు, నా తొందర

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేను చేసిన తప్పు ఒకటి చెప్తా. ఐటీఐలో చేరిన ఏడాది మా బావ పాత మారుతి 800 పాడేరు ఘాట్‌లో లాగడం మానేసింది. నాకొచ్చులే అని కార్బరేటర్ విప్పేశా. జెట్‌లో చెత్త కనబడితే ఇనుప తీగతో పొడిచా. రంధ్రం పెద్దదైపోయింది. నల్ల పొగ, పెట్రోలు తెగ తాగేది. బావ ఒక్క మాట అనలేదు. అక్క కాన్పుకని దాచిన డబ్బుల్లోంచే కొత్త జెట్ తెచ్చిచ్చాడు.

ఈసారి మేస్త్రీని అడిగా. విప్పిన వరుసలోనే గుడ్డ మీద పేర్చా. పెట్రోలుతో కడిగి, గాలి కొట్టి, గ్యాస్కెట్లు మార్చి, ఫ్లోట్ ఎత్తు సరిచూశా.

నెల తర్వాత పాపతో కలిపి ఐదుగురం అదే కారులో ఘాట్ ఎక్కాం. ఎక్కడా ఆగలేదు. రానిది అడగడానికి సిగ్గుపడకండి.