మిక్సీకి ముందు ఒక మాట

8 సెప్టెంబర్ 2024, ఆదివారం

గల్లీ మండపంలో డప్పులు నిన్నటి నుంచీ మోగుతూనే ఉన్నాయి. చిన్నోడు బీరువా పక్క సందులో దూరి చెవులు మూసుకున్నాడు. లడ్డూ చూపించినా కదల్లేదు. "మొండిఘటం" అన్నాడు ఆయన. పొద్దున ఇదే మొండిఘటం స్టీలు పళ్లెం మీద గరిటెతో అరగంట వాయించింది. చప్పుడు పడనివాడికి అదెలా పడిందో!

14, శనివారం

చెవి పరీక్ష అయింది. వినికిడి బాగుందట. అయినా పిల్లల డాక్టరు ఆక్యుపేషనల్ థెరపిస్టుకు రాసిచ్చారు. సెన్సరీ ప్రాసెసింగ్ చూడాలట. రాత్రి కూర్చుని చదివాను. జీన్ ఆయర్స్ అనే అమెరికా థెరపిస్టు 1972లోనే దీనిమీద పుస్తకం రాసిందట. 2013 నాటి డీఎస్ఎం-5లో మాత్రం ఇది విడి జబ్బుగా లేదు. ఆటిజం లక్షణాల్లో ఒకటిగా ఉంది. అక్కడే ఫోన్ పక్కన పడేశాను. ఆయనకు చెప్పలేదు.

21, శనివారం

థెరపిస్టు దగ్గర గంటన్నర. పరీక్షలా లేదు, ఆటలా ఉంది. ఉయ్యాల ఎంత తిప్పినా ఇంకా ఇంకా అన్నాడు. గిన్నెలో షేవింగ్ నురగను చూపుడువేలి కొసతో తాకి, వెంటనే నా చున్నీకి తుడిచేశాడు. మళ్లీ ఆ గిన్నె వైపే చూడలేదు. బోర్లా పడుకుని విమానంలా చేతులూ కాళ్లూ ఎత్తమంటే నాలుగు అంకెల్లో కూలబడ్డాడు.

గొంతు తగ్గించి ఆటిజమా అని అడిగాను. "దీన్నిబట్టి అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. అది విడిగా చూడాలమ్మా" అందావిడ. రాసిస్తానంది. చేతిలో ఫారాలు పెట్టింది, ఒకటి ఇంటికి, ఒకటి బడికి.

22, ఆదివారం

ఫారం ఇంగ్లీషులో. ఎప్పుడూనా, తరచూనా, సగం సార్లా, అప్పుడప్పుడా, దాదాపు లేదా? నేను చదివి తెలుగులో చెబుతుంటే అత్తమ్మ పప్పు ఏరుతూ జవాబులు ఇచ్చింది. నేను "అప్పుడప్పుడు" అన్నచోటల్లా "అప్పుడప్పుడేంది, రోజూ" అంటుంది. ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చేదాన్ని, నాకేం తెలుసు?

చొక్కా పట్టీల ప్రశ్న రాగానే లేచి తన డబ్బా తెచ్చింది. మెడ దగ్గర బ్లేడుతో కోసి తీసిన పట్టీలు గుప్పెడు. బనీను తిరగేసి తొడగడం కూడా ఆమె పనే. నేను పోయిన నెల ఎన్నిసార్లు సరిచేసి తొడిగానో, వాడు ఎంత ఏడ్చాడో.

28, శనివారం

డబ్బా సంగతి చెబితే థెరపిస్టు నవ్వలేదు, రాసుకుంది. మిక్సీ వేసేముందు అత్తమ్మ "నానా, వేస్తున్నా" అని కేక వేస్తుందనీ, అప్పుడు వాడు ఏడవకుండా వరండాలోకి వెళ్తాడనీ చెప్పాను. పళ్లెం సంగతి అప్పుడు విప్పింది. వాడు చేసే చప్పుడు ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో వాడికి తెలుసు. డప్పు అలా కాదు, వచ్చి మీద పడుతుంది. నేనేమో ఇన్నాళ్లూ అత్తమ్మ గారాబం చేస్తోందని సతాయించాను.

30, సోమవారం

బడి ఫారం వచ్చింది. అన్నీ "దాదాపు లేదు" గడిలోనే టిక్కులు. ఫోన్ చేశాను. "బంగారంలాంటి పిల్లాడండీ, అల్లరే లేదు" అంది టీచరు. మరి ఇంటికి రాగానే బ్యాగు విసిరికొట్టి గంటసేపు ఎందుకు ఏడుస్తాడు? పెట్టేయబోతుంటే అంది, "ఒక్కటే, రోజూ లాంగ్ బెల్లుకు ముందు బాత్రూం అడుగుతాడు."

ఆ మాటకు ఫారంలో గడి లేదు. వెనకవైపు పెన్నుతో రాశాను.