చేతిసంచిలోని సాక్ష్యము

ఇటీవల నొక పట్టణమందలి ప్రభుత్వాసుపత్రి వరండాలో, మా చుట్టమొకరికై వేచియుంటిమి. ప్రక్కబల్లపై నొక స్త్రీ కూర్చుండెను. హెచ్.ఐ.వి. పరీక్షకు వచ్చినదఁట. తాను పడుపువృత్తిలో నుంటినని యామెయే చెప్పెను. మేము కొంచెము జరిగి కూర్చుంటిమి. అట్లు జరిగినందులకు నేఁటికిని సిగ్గుపడుచున్నాము.

"అమ్మగారూ, నిరోధ్ పొట్లాలు ఆరోగ్యశాఖవారే ఊరకే ఇస్తారు. పోలీసులు సంచి వెదకి, అవే సాక్ష్యమంటారు. అందుకని ఏండ్ల తరబడి ఇంట్లోనే వదలి వెళ్లేదాన్ని" అనెను.

సోదరీమణులారా, 1956 నాఁటి అనైతిక వ్యాపార నిరోధక చట్ట మా వృత్తినే నేరమనదు. బహిరంగస్థలమున విటుల నాహ్వానించుటను శిక్షించును. అనుమానమునకు సంచిలోని పొట్లమే చాలును గదా! ప్రాణరక్షణకై యొక శాఖ యిచ్చినదానిని వేఱొక శాఖ నేరముగాఁ బట్టుకొనిన, నామె యెవరిని నమ్మి యాసుపత్రి గడప త్రొక్కును?

2017లో చేసిన హెచ్.ఐ.వి. చట్టము 2018 సెప్టెంబరు 10 నుండి యమలులోనికి వచ్చినది. వ్యాధి సోకినదని వైద్యము నిరాకరింపరాదు. ప్రభుత్వ మార్గదర్శకముల ననుసరించి వ్యాధి నివారణకుఁ జేయు పనులు నేరములు కావు. 2022 మే 19వ తేదిని సుప్రీముకోర్టువారు, ఇట్టి స్త్రీలు కండోములు వాడుటను నేరమునకు సాక్ష్యముగా నెంచరాదని యుత్తరువిచ్చిరి.

ఈ సంగతి యామెకుఁ జెప్పితిమి. నవ్వెను.

"ఆ కాగితం ప్రతి ఒకటి ఇప్పించండమ్మా. పొట్లాలతోపాటు సంచిలో పెట్టుకుంటాను."

ఇంతలో లోపలినుండి పిలుపు వచ్చెను. పేరు పిలువలేదు, చీటిపైనున్న సంఖ్యనే పిలిచిరి.