'ఆమెకు' అనే మాట

వ్యాకరణం అనగానే పేజీ తిప్పేయకండి! నవలలు రాసుకునేదానికి కాప్టిక్ భాషతో పనేమిటంటారా? 'ఇవ్వడం' గురించి ఆ భాషలో ఉన్న ఓ ముచ్చట నన్ను పట్టుకుని వదలడం లేదు మరి.

కాప్టిక్ అంటే పిరమిడ్లు కట్టిన ఈజిప్టువాళ్ళ భాషకు ఆఖరి రూపం. గ్రీకు అక్షరాలు తెచ్చుకుని, చాలనిచోట తమ పాత లిపిలోంచి కొన్ని చేర్చుకుని రాసుకున్నారు. ఇళ్ళలో మాట్లాడుకోవడం ఏనాడో పోయినా, అక్కడి క్రైస్తవుల ప్రార్థనల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

అందులో 'తి' అంటే ఇవ్వు. మనం పేరు వెనకాల 'కి' తగిలిస్తాం కదా, వాళ్ళు పేరు ముందు 'న్' తగిలిస్తారు. చిక్కల్లా ఏమిటంటే, ఇచ్చే వస్తువు ముందూ ఆ 'న్' వస్తుంది, పుచ్చుకునే మనిషి ముందూ అదే! 'ఆ స్త్రీకి రొట్టె ఇవ్వు' అంటే రొట్టెకీ స్త్రీకీ ఒకటే గుర్తన్నమాట. రొట్టె దగ్గర కాస్త 'మ్'లా పలుకుతుంది, అంతే తేడా.

పేర్లు తీసి సర్వనామాలు పెట్టగానే మాత్రం దారులు వేరవుతాయి. 'మ్మొస్' అంటే ఆమెను. 'నస్' అంటే ఆమెకు. 'నఫ్' అంటే అతనికి. 'నీకు' అనడానికైతే మగవాడికి 'నక్', ఆడమనిషికి 'నే'.

సుమారు 1300 ఏళ్ళ క్రితం, నైలు నదికి పడమటి ఒడ్డున, మూడో రామ్సెస్ కట్టించిన గుడి ఆవరణలో వెలిసిన జేమె అనే ఊళ్ళో కొలొజె అనే ఆవిడ అప్పులిచ్చే వ్యాపారం చేసేది. ఆ రోజుల్లో అప్పుపత్రాలు కుండపెంకుల మీద రాసేవారు. 'నీకు తిరిగి ఇస్తాను' అని ఆవిడకు రాసివ్వాలంటే, ఎంత మీసమున్న మగవాడైనా 'నే' అనాల్సిందే!

మన సంగతి చూడండి. 'పిల్లని ఇచ్చాం' అంటాం, 'పిల్లకి ఇచ్చాం' అంటాం. 'ని' అంటే ఆమె చేతులు మారే వస్తువు. 'కి' అంటే చెయ్యి చాచి అందుకునే మనిషి. ఆ ఒక్క అక్షరం తేడాలో ఆడపిల్ల బతుకంతా ఉంది.

అయితే ఆ 'కి'నైనా నమ్మగలమా? 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చినా, 'అబ్బే, కట్నమేమిటండీ, అంతా మా అమ్మాయికే ఇచ్చుకున్నాం' అనే మాట ఎన్ని పెళ్ళిళ్ళలో వినలేదు! బ్యాంకు పుస్తకం మీద ఎవరి పేరుందో చూడండి. నోటితో అన్నది 'నస్', చేత్తో ఇచ్చింది 'నఫ్'.

ఈసారి ఎవరైనా 'అమ్మాయికే' అంటే, ఆ 'కి' ఎక్కడ ఆగిందో ఓసారి అడిగి చూడండి.