62 అంటే మరీ తక్కువా పిన్నిగారూ?

రండి, కూర్చోండి. చినుకులు మొదలయ్యాయి, ఇప్పట్లో తెరిపి ఇచ్చేలా లేదు. ఈలోగా మొన్నటి కబురొకటి చెబుతాను.

మా ఎదురింటి అమ్మాయి చేతిలో కాగితం పట్టుకుని గబగబా వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. "పిన్నిగారూ, బాబుకి జింకు తక్కువుందట. 62 వచ్చింది. మరీ తక్కువా అండీ?" అంది. బాబుకి ఐదేళ్ళు. అన్నం దగ్గర పేచీ పెడతాడు, తోటివాళ్ళకంటే కాస్త పొట్టి. ఎవరో చెబితే రక్తపరీక్షలన్నీ ఒక్కసారే చేయించారు. రిపోర్టులో ఆ అంకె పక్కన కిందికి చూస్తున్న బాణం గుర్తు ఒకటి ఉంది. ఆ గుర్తు చూసే తల్లి సగమైపోయింది.

నేను డాక్టర్ని కాను. ముప్ఫై ఏళ్ళు అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా ఊళ్ళు తిరిగినదాన్ని. అందుకని అంకె జోలికి పోకుండా ముందు ఇది అడిగాను. "రక్తం ఎప్పుడు తీశారే?"

"బడి నుంచి వచ్చాకండీ, నాలుగింటికి."

"అప్పటికి వాడికి ఒంట్లో ఎలా ఉంది?"

"రెండు రోజులు జ్వరం కాసి అప్పుడే తగ్గింది."

సగం సంగతి ఈ రెండు జవాబుల్లోనే ఉంది. రక్తంలో జింకు రోజంతా ఒకే తీరుగా ఉండదు. పొద్దున ఎక్కువ, మధ్యాహ్నం దాటాక తక్కువ. తిండి తిన్న తర్వాత కూడా కొంత దిగుతుంది. అందుకే పదేళ్ళలోపు పిల్లలకు నిపుణులు రెండు గీతలు గీశారు. పొద్దున తీసిన రక్తమైతే డెసిలీటరుకు 65 మైక్రోగ్రాములు, మధ్యాహ్నం తర్వాతైతే 57. బాబు రక్తం తీసింది నాలుగింటికి కదా. ఆ లెక్కన 62 గీతకు పైనే ఉంది. ఆ గీతలు కూడా ఒక ప్రాంతంలో పిల్లలందరి స్థితినీ అంచనా కట్టడానికి పెట్టుకున్నవి. ఒక్క పిల్లాడి మీద తీర్పు చెప్పడానికి కాదు.

ఇక జ్వరం సంగతి. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు రక్తంలో తిరిగే జింకులో కొంత కాలేయంలోకి వెళ్ళిపోతుంది. బిడ్డ తిండిలో ఏ మార్పూ లేకపోయినా అంకె పడిపోతుంది. రక్తం తీసే తీరు కూడా దాన్ని మారుస్తుంది. ఎర్ర కణాల్లో జింకు చాలా ఎక్కువ, అవి చితికితే అంకె పెరిగిపోతుంది. సీసా రబ్బరు మూతలో ఉన్న జింకు నమూనాలోకి దిగినా అంతే. అందుకే సరైన పరీక్షకు జింకు తగలని ప్రత్యేకమైన గొట్టాలు వాడతారు.

"అయితే వాడు తినే తిండికీ ఈ అంకెకీ సంబంధమే లేదా?" అందా అమ్మాయి. మంచి ప్రశ్న. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎంత తింటే అంత రక్తంలో కనబడుతుందనే అనుకునేదాన్ని.

సంబంధం ఉంది. కాకపోతే మనం అనుకున్నంత సూటిగా లేదు. ఒంట్లో ఉన్న జింకంతా వెయ్యి పాళ్ళనుకుంటే, రక్తరసంలో తిరిగేది దాదాపు ఒక్క పాలు. మిగతాదంతా కండల్లో, ఎముకల్లో, ఇతర అవయవాల్లో ఉంటుంది. బస్టాండులో నిలబడ్డవాళ్ళని లెక్కపెట్టి ఊరి జనాభా చెప్పమంటే ఎలా? ఇదీ అలాంటిదే. పైగా ఆ ఒక్క పాలునీ ఒళ్ళు చాలా జాగ్రత్తగా కాపాడుకుంటుంది. తిండిలో జింకు తగ్గితే పేగు ఎక్కువ పీల్చుకుంటుంది, మలంలో పోయేదాన్ని తగ్గించుకుంటుంది. తిండిలో పెరిగితే ఇదంతా తిరగబడుతుంది. పిల్లల మీద జరిగిన పరిశోధనలన్నిటినీ ఒకచోట చేర్చి 2012లో లెక్కలు కట్టారు. తీసుకునే జింకు రెట్టింపైతే రక్తంలో అంకె సుమారు 9 శాతం పెరుగుతుందని తేలింది. రెట్టింపుకి 9 శాతం! అంటే ఆ బాబు తిండి నిజంగానే బాగుపడినా 62 కాస్తా 68 దగ్గర ఆగవచ్చు. అంకె పెద్దగా కదల్లేదని తల్లి నిరుత్సాహపడితే అది అన్యాయం.

అలాగని జింకు లోపాన్ని తేలిగ్గా తీసుకోమనడం లేదు. ఆ లోపం ముదిరితే ఏమవుతుందో లోకానికి చూపించినవాడు మన దేశంలో పుట్టినవాడే. బిహార్‌లోని బక్సర్‌లో పుట్టిన డాక్టర్ ఆనంద ప్రసాద్. ఆయన 1958లో ఇరాన్‌లోని షిరాజ్‌కి వెళ్ళారు. అక్కడికి 21 ఏళ్ళ యువకుడొకడు వచ్చాడు, చూస్తే పదేళ్ళ పిల్లాడిలా ఉన్నాడు. ఎదుగుదల లేదు, యుక్తవయసు లక్షణాల్లేవు, రక్తహీనత. పులియబెట్టని గోధుమ రొట్టెలే వాడి తిండి. మాంసం దాదాపు లేదు. పైగా మట్టి తినేవాడు. అలాంటివాళ్ళు మరికొందరు కనబడ్డారు. ఒక్క ఇనుము లోపంతో ఇంతటి ఎదుగుదల లోపం రాదని ప్రసాద్‌కి అనుమానం వచ్చింది. తర్వాత ఈజిప్టులో అలాంటి కుర్రాళ్ళ రక్తం పరీక్షిస్తే జింకు తక్కువని తేలింది. జింకు ఇచ్చాక వాళ్ళు ఎదిగారు. అప్పటిదాకా మనిషికి జింకు లోపం రావడమేమిటని పెద్ద పెద్ద వైద్యులే నమ్మలేదు.

మట్టి తినే పిల్లలు మనకి తెలియనివాళ్ళు కాదు. గోడ గీకి సున్నం తినేవాళ్ళనీ, పలక మీద రాయకుండా బలపం కొరికేవాళ్ళనీ నేను ప్రతి కేంద్రంలోనూ చూశాను. కొట్టకండి, తిట్టకండి, డాక్టరుకి చూపించండి అని తల్లులకు చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. ఒంట్లో ఇనుమో జింకో చాలడం లేదని చెప్పే గుర్తు అయ్యుండొచ్చు అది.

షిరాజ్ రొట్టెల్లో జింకు లేదా అంటే, ఉంది. దాన్ని పేగు పీల్చుకోనివ్వకుండా ఫైటేట్ అనే పదార్థం పట్టేసుకుంది. గింజ రేపు మొలకెత్తడానికి దాచుకున్న భాస్వరం అది. గోధుమ, జొన్న, రాగి, పప్పులు, నువ్వులు, అన్నిటి పొట్టులోనో పప్పులోనో ఉంటుంది. గింజని నానబెట్టి మొలకెత్తిస్తే, ఆ భాస్వరం మొక్కకు కావాలి కనక గింజే ఆ ముడి విప్పుకుంటుంది. పిండి పులిసినా ఫైటేట్ విరుగుతుంది.

మా అమ్మ రాగుల్ని రాత్రంతా నానేసి, పొద్దున్నే నీళ్ళు వార్చి, తడిపిన పాత పంచె గుడ్డలో మూట కట్టి, గిన్నెలో పెట్టి మూత వేసేది. సాయంత్రం ఒకసారి నీళ్ళు చిలకరించేది. మర్నాటికి మూట విప్పితే తెల్లటి మొలకలు నూలు పోగుల్లా గుడ్డలోంచి తొంగిచూసేవి. వాటిని నీడన ఆరబెట్టి, కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి విసిరేది. ఫైటేట్ అన్న మాట ఆవిడ జన్మలో వినలేదు. పిల్లలకి అరుగుతుందని మాత్రం ఆవిడకి తెలుసు. ఇవాళ బజారులో కొనే రాగిపిండి చాలావరకు ఊరికే మర పట్టించింది. వీలైతే మొలకెత్తించినదే వాడమంటాను.

ఎదురింటి అమ్మాయికి నేను చెప్పిందీ ఇదే. అంకె పక్కన పెట్టి పళ్ళెం చూడు తల్లీ! ఐదేళ్ళ పిల్లాడికి రోజుకి కావలసిన జింకు సుమారు నాలుగున్నర మిల్లీగ్రాములు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో మన దేశానికి కట్టిన లెక్క ఇది. నూరు గ్రాముల తెల్లబియ్యంలో ఒకటింబావు మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. గుడ్డులో అర మిల్లీగ్రాము పైచిలుకు. మేకమాంసం మంచి వనరు, అందులోది ఒంటికి బాగా పడుతుంది కూడా. శాకాహారులకు నువ్వులూ, గుమ్మడి గింజలూ, శనగలూ, పెసలూ, పాలూ పెరుగూ. చిమ్మిలి ఉండ పెడితే పిల్లలు వద్దనరు. వాళ్ళింట్లో ఉదయం రెండు బిస్కెట్లూ టీ నీళ్ళూ ఇస్తున్నారు. వాటి స్థానంలో ఇడ్లీయో మొలకల రాగిజావో పెట్టి, రోజుకో గుడ్డు ఇమ్మన్నాను. జింకుని ఒళ్ళు ఇనుములాగా నిల్వ చేసుకోలేదు. పండగరోజు మాంసం పెట్టి నెలంతా చారన్నంతో నెట్టుకొస్తే చాలదు. రోజూ కొంచెం కొంచెం అందాలి.

టానిక్కు సీసా కొనెయ్యనా అంటే వద్దన్నాను. డాక్టరు చెప్పకుండా నెలల తరబడి జింకు పోస్తే రాగి లోపం వస్తుంది. పేగులో రెంటికీ పోటీ.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. మా రైతులకు జింకు కొత్త మాట కాదు. వరినాట్లు వేశాక ఆకుల మీద తుప్పు మచ్చలొస్తే చూడగానే "జింకు ధాతువు లోపం" అని చెప్పి జింకు సల్ఫేట్ చల్లుతారు. పొలాన్ని అంత శ్రద్ధగా చూసుకునే ఇంట్లోనే, ఎదుగుదల ఆగిన పిల్లని "మా వంశమే పొట్టి" అని వదిలేయడం చూశాను. 2016-18లో దేశమంతా పిల్లల రక్తం పరీక్షిస్తే, ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో 19 శాతం మందికి జింకు తక్కువని తేలింది. దాదాపు ఐదుగురిలో ఒకరు. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ డీఆర్ఆర్ ధాన్ 45 అనే రకాన్ని తెచ్చింది. పాలిష్ పట్టాక కూడా ఆ బియ్యంలో కిలోకి 22 మిల్లీగ్రాముల పైన జింకు ఉంటుంది. ఇలాంటి బియ్యం అంగన్‌వాడీ వంటగదికి చేరాలని నా కోరిక.

వాన తగ్గినట్టుంది. వెళ్ళేముందు ఒక్క మాట. విరేచనాల్లో ఒంట్లోని జింకు బాగా పోతుంది. అది పోయాక మళ్ళీ విరేచనాలు తేలిగ్గా పట్టుకుంటాయి. అందుకే ఓఆర్ఎస్‌తో పాటు జింకు మాత్రలు ఇస్తారు. ఆరు నెలలు దాటినవాళ్ళకి రోజుకి 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవాళ్ళకి 10. చెంచాడు నీళ్ళలోనో తల్లిపాలలోనో వేస్తే కరిగిపోతాయి. నేను ఇళ్ళకి వెళ్ళి గూట్లో చేయిపెడితే, దేవుడి పటం వెనక 11 మాత్రలు మిగిలిన అట్ట దొరికేది. "మూడో రోజుకే కట్టుకున్నాయండీ, ఇక ఎందుకని ఆపేశాను" అనేవారు తల్లులు. ఆపకండి. బిడ్డ ఆడుకుంటున్నా సరే, 14 రోజులూ పూర్తిచెయ్యండి.